వెనక లింక్ చూపించండి: రిలే పరికరాలు తయారుచేసేవారికి ఒక బహిరంగ లేఖ

వైఫై రిపీటర్లు, మెష్ రూటర్లు, మొబైల్ సిగ్నల్ బూస్టర్లు, సెన్సర్ నోడ్లు తయారుచేసే కంపెనీల ఇంజినీర్లకు, ఆ పెట్టెల మీద ఏం రాయాలో నిర్ణయించేవారికి,

నమస్కారం.

మీరు అట్టపెట్టెలో పెట్టి పంపినదాన్ని విప్పి, గోడకి బిగించి, పనిచేయకపోతే పీకేసి, ఇంకోచోట బిగించే పని నాది. పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాను. మనకి ముఖపరిచయం లేదు. అయినా మీరు చేసిన ప్రతి పొదుపూ, పెట్టె మీద రాసిన ప్రతి గొప్పా చివరికి నిచ్చెన మీద నిలబడ్డ నాలాంటివాడి మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ఈ చనువు తీసుకుంటున్నాను. రూటర్ నుంచో టవర్ నుంచో తమకి సిగ్నల్ ఎంత బాగా అందుతోందో చెప్పే అంకె ఒకటి మీ పరికరాల లోపల ఉంది. దాన్ని మీరు బయటికి కనబడనివ్వడం లేదు. చూపించమని అడగడానికే ఈ లేఖ.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. రిటైరైన పెద్దాయన పిలిస్తే వెళ్లాను. మేడ మీద చివరి గదిలో నెట్ రావడం లేదని రిపీటర్ కొనుక్కొచ్చి, ఆ గదిలోనే, మంచం పక్కనున్న ప్లగ్‌లో పెట్టుకున్నారు. "బాబూ, ఫోన్‌లో సిగ్నల్ ఫుల్ చూపిస్తోంది. మనవరాలితో వీడియో కాల్ మాత్రం మాటమాటకీ ఆగిపోతోంది. ఫోన్ పాడైందంటావా?" అని అడిగారు.

ఫోన్‌కేం కాలేదు. రిపీటర్ చేతికందే దూరంలో ఉంది కనక ఫోన్‌కి అది బ్రహ్మాండంగా వినిపిస్తోంది. మరి ఆ రిపీటర్‌కి కింద హాల్లో ఉన్న రూటర్ వినిపించాలి కదా? ఫోన్‌కి అందని సిగ్నల్ అదే గదిలో, అవే గోడల వెనక రిపీటర్‌కి మాత్రం ఎలా అందుతుంది? దాన్ని తీసి మెట్ల దగ్గర ప్లగ్‌లో పెట్టాను. ఫోన్‌లో నాలుగు గీతలు కాస్తా రెండయ్యాయి. ఆయన ముఖం వాడిపోయింది. "అదేమిటి బాబూ, ఉన్నదీ తగ్గించావు?" అన్నారు. ఒకసారి కాల్ చేసి చూడమన్నాను. పది నిమిషాలు మాట్లాడారు, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను చెప్పులు వేసుకుని బయల్దేరేటప్పుడు కూడా ఆయన ఆ రెండు గీతలవైపే అనుమానంగా చూస్తున్నారు. ఆయన్ని ఏమని తప్పుపట్టను? మీరూ, ఫోన్లు చేసేవారూ కలిసి ఆయనకి నేర్పింది గీతలు లెక్కపెట్టడమేగా.

ఈ తప్పు ఆయన ఒక్కరే చేయరు. సిగ్నల్ లేని చోటే రిపీటర్ పెట్టాలని అందరికీ సహజంగా అనిపిస్తుంది. చీకటి ఉన్న చోటే కదా దీపం పెడతాం. కానీ దీపానికి నూనె ఎక్కణ్ణుంచి వస్తుందో చూసుకోవాలి.

సిగ్నల్‌ని ఒకవైపు అందుకుని ఇంకోవైపు పంపే ఇలాంటి పరికరాన్నే రిలే అంటాం. రిలే ఏదైనా సరే, దానికి రెండు లింకులు ఉంటాయి. వాడేవాడి వైపున్నది ముందు లింక్ అనుకుందాం. రూటర్ వైపో, టవర్ వైపో, సెన్సర్ల సమాచారమంతా చేరే గేట్‌వే వైపో ఉన్నది వెనక లింక్. మీరు దాన్ని బ్యాక్‌హాల్ అంటారు. ఫోన్‌లో కనబడే గీతలు ముందు లింక్‌వి మాత్రమే. ఆ గీతల్ని ఎలా వేయాలో కూడా ఉమ్మడి కొలత ఏదీ లేదు, ఒక ఫోన్‌లో మూడైతే ఇంకో ఫోన్‌లో నాలుగు. వెనక లింక్ బతికి ఉందో, కొన ఊపిరితో ఉందో చెప్పే గీత మాత్రం ఎవరి ఫోన్‌లోనూ లేదు.

దూరంతో సిగ్నల్ ఎలా పడిపోతుందో మీకు చెప్పనక్కర్లేదు గానీ ఈ లేఖ చదివే మిగతావారి కోసం చెప్తాను. అడ్డేమీ లేని ఖాళీలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. సిగ్నల్ బలాల నిష్పత్తిని చెప్పే మా లెక్కలో అంటే 6 డెసిబెల్స్ నష్టం. గోడలు, ఇనుప బీరువాలు, అటూ ఇటూ తిరిగే మనుషులు ఉన్న చోట అంత మర్యాదగా తగ్గదు. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు, ఒక్కోచోట పదహారో వంతు. ఈ పదహారో వంతు లెక్కనే పట్టుకుని చూడండి: సరిగ్గా మధ్యలో ఒక రిలే పెడితే దూరం సగమైంది కనక ఒక్కో అంచెకి పదహారో వంతు శక్తి సరిపోతుంది. రెండు అంచెలూ కలిపినా మొత్తం ఎనిమిదో వంతే. హాప్ అనే మాటకి నేను అంచె అనే వాడతాను, అంచెలంచెలుగా వెళ్లడం మనకి తెలిసిన సంగతే కనక. రిలే చేసే మేలంతా ఈ లెక్కలోనే ఉంది. అది మధ్యలో ఉంటేనే ఆ మేలు దక్కుతుంది. ఒక చివరకి జరిపేస్తే పాత దూరం పాతగానే ఉండిపోతుంది.

మేలు తర్వాత ఖర్చు. పెట్టె మీద ఎప్పుడూ రాయనిది ఇదే.

రేడియో ఒక్కటే ఉన్న రిపీటర్ ఒకే ఛానెల్ మీద వినాలి, అదే ఛానెల్ మీద చెప్పాలి. రెండూ ఒకేసారి చేయలేదు. తన అరుపు తన చెవిలోనే పడుతుంది. 20 డీబీఎంతో (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే బలం) పంపుతూ, మైనస్ 80 డీబీఎంతో వచ్చే సిగ్నల్‌ని వినాలంటే రెంటికీ తేడా 100 డెసిబెల్స్, అంటే వెయ్యి కోట్ల రెట్లు. యాంటెన్నాలు వేరుచేసి, సర్క్యూట్‌లో కొంత, సాఫ్ట్‌వేర్‌లో కొంత తన అరుపుని తానే తీసేసుకునే పద్ధతులు ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. మామూలు ఇంట్లోకి వచ్చే రిపీటర్ మాత్రం వంతులవారీగానే పనిచేస్తుంది: కాసేపు వినడం, కాసేపు చెప్పడం.

కాబట్టి ఆ రెండు పనుల సమయమూ కూడుకోవాలి. ఆ పెద్దాయన గదిలో ముందు లింక్ 300 ఎంబీపీఎస్ (సెకనుకి 300 మెగాబిట్లు), వెనక లింక్ 20 అనుకోండి. ఒక మెగాబిట్‌ని రూటర్ నుంచి తెచ్చుకోవడానికి 50 మిల్లీసెకన్లు. దాన్నే ఫోన్‌కి అందించడానికి 3 మిల్లీసెకన్ల పైచిలుకు. మొత్తం 53. సెకనుకి 19 మెగాబిట్లు కూడా రావు. ఇప్పుడు మెట్ల దగ్గరికి మార్చాక రెండు లింకులూ 120 అయ్యాయనుకోండి. తేవడానికి 8.3, ఇవ్వడానికి 8.3, అంటే సెకనుకి 60 మెగాబిట్లు. ముందు లింక్ 300 నుంచి 120కి పడిపోయింది, ఫోన్‌లో గీతలూ తగ్గాయి, వేగం మాత్రం మూడు రెట్లు దాటింది. ప్రోటోకాల్ ఖర్చులు, అంటే పరికరాలు తమలో తాము చెప్పుకునే అదనపు మాటలు, పోగా చేతికొచ్చేది ఇంతకంటే తక్కువే, అయినా నిష్పత్తి ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మీ పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 1200 ఎంబీపీఎస్ అని ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదని కస్టమర్లు అడిగితే చెప్పడానికి నాకే సిగ్గేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కూడితే 1167, దాన్ని గుండ్రంగా చేస్తే 1200. ఆ తరం ఫోన్లు మామూలుగా రెండు బ్యాండ్ల మీదా ఒకేసారి నడవవు. నడిచినా రిపీటర్ గుండా వచ్చేసరికి సగం పోతుంది. బంగారం, రాయి కలిపి తూచి మొత్తం బరువు చెప్పినట్టుంది ఇది.

వలలా ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే మెష్ రూటర్లలో, వెనక లింక్ కోసమే విడిగా మరో రేడియో పెట్టినవి మీలో కొందరు చేస్తున్నారు. మంచి పని. ఒక రేడియో వెనక్కి, ఇంకో రేడియో ముందుకి, వేరే ఛానెళ్ల మీద. వంతుల గొడవ చాలావరకు తీరుతుంది. వెనక్కి కేబుల్ లాగితే ఇంకా నయం. కేబుల్ లాగమని చెప్తే మాత్రం అందరూ నన్ను పాతకాలం మనిషిలా చూస్తారు.

ఇక ఆ అంకె సంగతి. ఒకప్పుడు మెష్ నెట్‌వర్కుల్లో ఎన్ని అంచెలు తక్కువైతే అంత మంచి దారి అనుకునేవారు. అలా ఎంచుకుంటే ఏమవుతుందంటే, దూరంగా ఉన్న, సగం ప్యాకెట్లు (సమాచారపు చిన్న మూటలు) పారేసే లింక్‌ని పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. 2003లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈటీఎక్స్ అనే కొలతని ముందుకు తెచ్చారు. ప్యాకెట్ చేరి, చేరినట్టు జవాబు తిరిగొచ్చేదాకా సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందో లెక్కపెట్టడమే అది. నేరుగా ఉన్న దారిలో అటు సగం, ఇటు సగం పోతుంటే నాలుగుసార్లు పంపాలి. మధ్యలో రిలే పెట్టాక ప్రతి అంచెలోనూ అటూ ఇటూ నూటికి 90 చేరుతుంటే అంచెకి 1.23 సార్లు, రెంటికీ కలిపి రెండున్నర. రెండు శుభ్రమైన అంచెలు ఒక్క చెడ్డ అంచె కంటే చవక. ఆ తర్వాత 2011లో వచ్చిన 802.11ఎస్ అనే వైఫై మెష్ ప్రమాణంలో ఎయిర్‌టైమ్ అనే కొలత చేరింది. 8192 బిట్ల పరీక్ష ఫ్రేమ్ (గాలిలో పంపే మూట) ఈ లింక్ మీద వెళ్లడానికి, తప్పులు సరిదిద్దుకోవడంతో సహా, గాలిలో ఎంత సమయం పడుతుందో చూసి, అన్ని అంచెలవీ కూడి, తక్కువ వచ్చిన దారిని పట్టుకుంటుంది.

నేను మొదట్లో చెప్పిన అంకె ఇదే. ఎయిర్‌టైమ్ అనండి, మీ సొంత పేరు ఇంకేదైనా పెట్టండి, దారి ఎంచుకునే ప్రతి మెష్ పరికరమూ వెనక లింక్ ఎంత బాగుందో కొలిచి తీరాలి. కొలవకుండా మంచి దారి ఎంచుకోలేదు. అంటే దీనికోసం మీరు కొత్తగా చిప్ చేయక్కర్లేదు, కొత్త యాంటెన్నా అక్కర్లేదు. రాత్రింబగళ్లు లోపల కొలుస్తూనే ఉన్నారు. తెర మీద మాత్రం నవ్వుతున్న ఇంటి బొమ్మ ఒకటి పెట్టి, కింద 'అంతా బాగుంది' అని రాస్తున్నారు.

రిలే అనే ఆలోచనకి దాదాపు రెండు వందల ఏళ్ల వయసుంది. 1835 ప్రాంతంలో అమెరికన్ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చేసిన విద్యుదయస్కాంత రిలేనే తర్వాత టెలిగ్రాఫ్ తీగలకి ప్రాణం పోసింది. తీగ పొడుగునా నీరసించి వచ్చిన కరెంటు చిన్న ఇనుప ముక్కని కదిపితే చాలు, అది అక్కడున్న కొత్త బ్యాటరీని తరవాతి తీగకి కలుపుతుంది. పాత కరెంటు అక్కడితో ఆగిపోతుంది, మాట మాత్రం కొత్త బలంతో ముందుకెళుతుంది. 1951లో అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి టెలిఫోన్, టీవీ మోసుకెళ్లిన మైక్రోవేవ్ దారి కూడా ఇలాంటిదే: 107 టవర్లు, ఒకదానికొకటి దాదాపు 48 కిలోమీటర్ల దూరంలో. ఒక టవర్ నుంచి వెనక టవర్‌కి అడ్డు ఏదైనా ఉందా, వాన పడితే, వేడెక్కిన గాలి కిరణాన్ని వంచితే ఎంత బలం మిగులుతుంది అని ప్రతి అంచెకీ కాగితం మీద లెక్క వేసుకున్నాకే అలాంటి దారులు కట్టేవారు. ఆ లెక్క లేకుండా నడిచే రిలేలు మన ఇళ్లల్లోకే వచ్చాయి.

సిద్ధాంతం వైపు చూస్తే ఇంకా తమాషా. ఒకడు చెప్పేవాడు, ఒకడు వినేవాడు, మధ్యలో ఒక సహాయకుడు. ఈ ముగ్గురి సమస్యని 1971లో వాన్ డెర్ మ్యూలెన్ అనే పరిశోధకుడు మొదలుపెట్టాడు. 1979లో థామస్ కవర్, అబ్బాస్ ఎల్ గమాల్ దాని మీద రాసిన పరిశోధనని ఇప్పటికీ అందరూ చదువుతారు. అయినా ఆ దారిలో గరిష్ఠంగా ఎంత సమాచారం పంపవచ్చో అన్ని సందర్భాలకీ చెల్లే సమాధానం ఈనాటికీ దొరకలేదు. మీ పెట్టె మీద మాత్రం 'ఇల్లంతా ఫుల్ స్పీడ్' అని మూడు మాటల్లో తేల్చేశారు.

రిలేలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని వచ్చిన సిగ్నల్‌ని అలాగే పెద్దది చేసి పంపుతాయి. కొన్ని దాన్ని పూర్తిగా చదివి, సున్నాలూ ఒకట్లూ తేల్చుకుని, కొత్తగా రాసి పంపుతాయి. మొదటిది జిరాక్స్‌కి జిరాక్స్ తీయడం లాంటిది: అక్షరాలతో పాటు మరకలూ పెద్దవవుతాయి, నాలుగో కాపీకి చదవలేం. రెండోది చూసి మళ్లీ టైపు చేయడం లాంటిది: మరకలు పోతాయి, కానీ చదివి రాయడానికి సమయం పడుతుంది. పైగా టైపిస్టు ఒక అక్షరం తప్పు చదివితే ఆ తప్పు కూడా అందమైన అక్షరాల్లో ముందుకెళ్తుంది. అందుకే ప్రతి ఫ్రేమ్ చివర సరిచూసుకునే అంకె ఒకటి పెట్టి, సరిపోకపోతే పారేసి మళ్లీ అడుగుతారు. వైఫై రిపీటర్లు ఈ రెండో రకం. మొబైల్ బూస్టర్లు ఎక్కువగా మొదటి రకం.

మొబైల్ బూస్టర్లు చేసేవారికి ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ పరికరం చెడితే నష్టం కొన్నవాడి ఒక్కడితో ఆగదు. బయట ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా, మధ్యలో ఆంప్లిఫయర్. లోపలి యాంటెన్నా పంపింది బయటి యాంటెన్నాకి వినబడితే ఏమవుతుంది? మైకుని స్పీకర్ ముందు పెడితే కీచుమంటుందే, అదే అవుతుంది. కాకపోతే ఆ కీచు మన చెవికి వినబడదు, టవర్‌కి వినబడుతుంది. బూస్టర్ 70 డెసిబెల్స్ పెంచుతూ, రెండు యాంటెన్నాల మధ్య అడ్డు 60 డెసిబెల్సే ఉంటే అది కీచుమనక తప్పదు. పెంచే బలం కంటే అడ్డు కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండేలా చూసుకోవాలని మా పనిలో ఒక లెక్క. అది చూడకుండా బిగిస్తే చుట్టుపక్కల ఎవరి ఫోన్ మాటా వినబడకుండా టవర్‌కి చెవుడు వచ్చినట్టు అవుతుంది. అనుమతి లేని బూస్టర్లని చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోనిది ఇందుకే. తనంతట తాను కీచుని పసిగట్టి బలం తగ్గించుకునే బూస్టర్లు ఉన్నాయి. ఆ తెలివి లేనివాటిని అమ్మడం మానేయండి.

వెనక లింక్‌కి ఎంత విలువ ఇవ్వాలో చూడాలంటే అంగారకుడి దాకా వెళ్లాలి. అక్కడ నేల మీద తిరిగే నాసా బండి క్యూరియాసిటీ రోవర్ నేరుగా భూమికి మాట్లాడగలదు, కానీ సెకనుకి 500 బిట్ల నుంచి 32,000 బిట్ల దాకా మాత్రమే. అదే తల మీదుగా వెళ్లే మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ అనే ఉపగ్రహానికి ఇస్తే సెకనుకి 20 లక్షల బిట్ల దాకా పంపుతుంది. ఆర్బిటర్ దానికి కనబడేది ఒక్కోసారికి 8 నిమిషాలే అయినా ఆ బేరమే లాభం. ఇప్పుడు ఆర్బిటర్‌ని చూడండి. రోవర్ వైపున్న ముందు లింక్‌కి చిన్న యాంటెన్నాతో సరిపెట్టారు. భూమివైపున్న వెనక లింక్‌కి 3 మీటర్ల డిష్ పెట్టారు. చంద్రుడి ఆవలి వైపు దిగిన చైనా నౌక చాంగ్-ఇ 4 విషయంలోనైతే రిలేనే ముందు పంపారు. భూమికి ఎన్నడూ కనబడని ఆ వైపు నుంచి మాట బయటికి రావాలంటే ఇంకో దారి లేదు కనక 2018 మేలో చ్వెచియావ్ రిలే ఉపగ్రహాన్ని ప్రయోగించి, చంద్రుడికి అవతల నిలిపి, అది కుదురుకున్నాక 2019 జనవరి 3న ల్యాండర్‌ని దింపారు. వెనక లింక్ ముందు, తర్వాతే మిగతావి.

ఒక రిలే చాలకపోతే ఇంకొకటి, ఇంకొకటి అని గొలుసులా పెట్టుకుంటూ పోయేవారున్నారు. ఒకే ఛానెల్ మీదైతే రెండు అంచెలకి వేగం సగం, మూడు అంచెలకి మూడో వంతు. ఆ తర్వాత కూడా తగ్గుతూనే ఉండాలి కదా అనిపిస్తుంది గానీ, ఒక దూరం దాటాక గొలుసులో ఆ చివర నోడ్, ఈ చివర నోడ్ ఒకదాని మాట ఒకదానికి వినబడవు కాబట్టి ఒకేసారి పంపుకోవచ్చు. ఎంత పొడుగైనా నాలుగో వంతు దగ్గర నిలబడవచ్చని 2001లో ఒక పరిశోధనలో లెక్కగట్టారు. అదే పరిశోధనలో మామూలు వైఫై పద్ధతితో నడిపి చూస్తే ఏడో వంతు దగ్గరే ఆగింది. ఎవరికి వారు గాలి ఖాళీగా ఉందనుకుని మొదలుపెట్టడం, అవతలివాడు మాట్లాడటం తనకి వినబడక ఢీకొట్టడం, మళ్లీ ఆగడం. దీనికి దాగిన నోడ్ సమస్య అని 1970లలోనే పేరుపెట్టారు. ఇంకా తీరలేదు.

సెన్సర్ నోడ్లలో, అంటే చుట్టుపక్కల సంగతులు కొలిచి రేడియోతో పంపే చిన్న పరికరాల్లో, బాధ వేరు. అక్కడ వేగం ఎవడికీ అక్కర్లేదు, బ్యాటరీ బతకాలి. పంపడానికే కరెంటు ఎక్కువని అందరూ అనుకుంటారు. చాలాకాలం అందరూ వాడిన సీసీ2420 అనే రేడియో చిప్ 0 డీబీఎంతో పంపేటప్పుడు 17.4 మిల్లీయాంప్స్ తాగితే, ఊరికే వింటూ కూచున్నప్పుడు 18.8 తాగుతుంది. రిలే అంటే పక్కవాళ్ల మాట కోసం చెవులు రిక్కించి ఉండాలి. 2500 ఎంఏహెచ్ సెల్లులు రెండు ఒకదాని వెనక ఒకటి వరసగా (సిరీస్‌లో) వేసి ఆ చిప్‌ని ఎప్పుడూ మేలుకుని ఉంచితే ఆరో రోజు దాటదు. అందుకే నోడ్లని నిద్రపుచ్చి, ఒకే వేళకి లేచేలా కుదుర్చుతారు. అయినా గేట్‌వే పక్కనున్న నోడ్లకి విశ్రాంతి ఉండదు, దూరంగా ఉన్న అందరి మూటలూ వాటి నెత్తిమీదుగానే వెళ్లాలి. ముందు అవే చస్తాయి. అవి పోయాక చివర్లో ఉన్న నోడ్లు నిండు బ్యాటరీతో, ఎవరికీ వినబడకుండా కొట్టుకుంటూ ఉంటాయి. నేను నిర్వహించిన ఒక నెట్‌వర్క్‌లో డెబ్భై నోడ్లు ఒకే రాత్రి మాయమైతే అన్నీ పాడయ్యాయని టెన్షన్ పడ్డాం. చూస్తే గేట్‌వే పక్కన రెండు సెల్లులు అయిపోయాయంతే. ఏ నోడ్ ఎవరి మూటలు మోస్తోందో, దాని బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పే తెర ఉంటే ఆ సెల్లులు వారం ముందే మార్చేవాణ్ని.

బ్లూటూత్ మెష్ బల్బుల వాళ్లకి ఒక్క విన్నపం. 2017లో వచ్చిన ఆ పద్ధతిలో ప్రతి రిలే తను విన్నదాన్ని మళ్లీ అరుస్తుంది. ఎన్ని అంచెలు పోవచ్చో చెప్పే గడి 7 బిట్లది కాబట్టి 127 దాకా రాయవచ్చు. రాయగలిగినంత మాత్రాన అన్ని అంచెలు పోతుందని ప్రచారం చేయకండి. ఒకే హాల్లో ముప్ఫై బల్బులుంటే ముప్ఫైనీ రిలేలుగా పెట్టి పంపుతున్నారు. ఒకడు స్విచ్ నొక్కితే ముప్ఫై నోళ్లూ ఒకేసారి అరుస్తాయి. రిలే పని మొదట ఆపి పంపండి, ఎన్నింటికి కావాలో బిగించేవాళ్లం మేం చూసుకుంటాం.

మొబైల్ నెట్‌వర్కుల వాళ్లు ఈ పాఠం కొంత త్వరగా నేర్చుకున్నారనిపిస్తుంది. 5జీలో బేస్ స్టేషన్లే (టవర్లే) ఒకదాని ద్వారా ఒకటి రేడియోతో వెనక్కి కలిసే ఏర్పాటు 2020లో పూర్తయిన రిలీజ్ 16 అనే మొబైల్ ప్రమాణాల విడతలో వచ్చింది. రిలీజ్ 18కి వచ్చేసరికి మామూలు రిపీటర్‌ని కూడా నెట్‌వర్క్ చెప్పుచేతల్లో పెట్టారు: ఎటు తిరగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో టవరే చెబుతుంది.

ఇంకొకటి, చిన్నదే గానీ వదలలేను. వైఫై రిపీటర్ రూటర్ దృష్టిలో ఒక క్లయింట్, అంటే ఫోన్‌లాగా దానికి కలిసే పరికరం కూడా. 2017లో వైఫై భద్రతలో క్రాక్ అనే లోపం బయటపడ్డప్పుడు రూటర్లకంటే క్లయింట్లకే ఎక్కువ ముప్పని తేలింది. ఆ లెక్కన రిపీటర్లూ సరిదిద్దాల్సినవాటి జాబితాలోకి వచ్చాయి. అందరి మాటా తన గుండా వెళ్లే పెట్టెకి అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో కూడా పెట్టె మీద రాయండి.

ఇప్పుడు నేను అడిగేది. రిపీటర్ మీదున్న లైటు రంగు వెనక లింక్‌ని బట్టి మారాలి, వెనక లింక్ నీరసంగా ఉంటే ఫోన్‌లో యాప్ 'దీన్ని రూటర్ వైపు కొంచెం జరపండి' అని మామూలు మాటల్లో చెప్పాలి. మీలో కొందరు ఇప్పటికే ఈ పని చేస్తున్నారు. వారికి దండం, మిగతావారికి ఇది అసాధ్యం కాదనడానికి వారే సాక్ష్యం. ఆ అంకె గత వారం రోజులుగా గంటగంటకీ ఎలా ఉందో రాసిపెట్టి చూపించాలి, ఎందుకంటే 'రాత్రి ఎనిమిదింటికే ఆగిపోతుంది' అని చెప్పేవాడి ఇంటికి నేను పగలు పదకొండింటికి వెళ్తాను, అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. పెట్టె మీద రెండు బ్యాండ్ల కూడిక తీసేసి, ఒక గోడ అవతల పెట్టిన రిపీటర్ గుండా ఒక్క ఫోన్‌కి ఎంత వేగం వచ్చిందో, ఎలా కొలిచారో చెప్పి రాయండి. ఆ అంకె 1200 పక్కన చిన్నగా కనబడుతుందని మీ మార్కెటింగ్ వారికి భయం. నాకు తెలుసు. కాకపోతే ఆ తేడాకి సంజాయిషీ ఇచ్చుకునేది వారు కాదు, నేను.

రాస్తూ ఉండగానే ఆ పెద్దాయన మళ్లీ ఫోన్ చేశారు. కాల్ మళ్లీ ఆగిపోతోందట. విషయమేమిటని అడిగితే, పండక్కి వచ్చిన అబ్బాయి సిగ్నల్ రెండే గీతలు చూపిస్తోందని రిపీటర్‌ని తీసుకెళ్లి మళ్లీ మంచం పక్కన పెట్టాడట. "ఇప్పుడు ఫుల్ ఉంది బాబూ, అయినా రావడం లేదు" అన్నారు. రేపు పొద్దున్న వెళ్తున్నాను. మెట్ల దగ్గర ప్లగ్ పక్కన ఈసారి ఒక కాగితం అంటించి వస్తాను: 'గీతలు చూసి దీన్ని కదపవద్దు.'

ఇట్లు,
మీ పెట్టెలు బిగించే ఒక వైర్‌లెస్ టెక్నీషియన్